కొత్త వడ్రంగి యంత్రాలలో లోపాలు, వారంటీ మరమ్మతులు: కొనుగోలుదారులు పాటించవలసిన పద్ధతులు

తొలి పదిహేను రోజుల్లో ఇచ్చే లిఖితపూర్వక ఫిర్యాదే హక్కుకు పునాది

రాజమహేంద్రవరం: గోదావరి డెల్టాలో చెక్కపనికి తరతరాల చరిత్ర ఉంది. ఎగువనున్న ఏజెన్సీ అడవుల కలప తెప్పలుగా కట్టబడి, నదీమార్గాన రాజమహేంద్రవరం రేవులకు చేరిన కాలం ఒకటి ఉండేది. కోనసీమ మండువా లోగిళ్ల స్తంభాలు, ద్వారబంధాలు, తాళ్లరేవు, కోరంగి ప్రాంతాల పడవలు అన్నీ బాడిత, ఉలి, చిత్రికలతో రూపొందినవే. నేడు ఆ పనిలో అధిక భాగాన్ని యంత్రాలు చేపట్టాయి. బ్యాండ్ సా, సర్క్యులర్ సా, ప్లానర్, థిక్‌నెసర్, రౌటర్ వంటివి చిన్న వడ్రంగి షెడ్లలో సైతం కనిపిస్తున్నాయి. కంప్యూటర్ ఆధారంగా చెక్కే సీఎన్‌సీ రౌటర్లు కూడా వాడుకలోకి వచ్చాయి.

ఈ యంత్రాలలో అనేకం కోయంబత్తూరు, రాజ్‌కోట్, లూధియానా వంటి దూరప్రాంతాల నుంచి గాని, విదేశాల నుంచి గాని వస్తాయి. కొనుగోలుదారు వాటిని తరచుగా బ్యాంకు రుణంతో సమకూర్చుకుంటాడు. కొత్త యంత్రం మొదటి నెలలోనే మొరాయిస్తే పని ఆగుతుంది, ఒప్పుకున్న తలుపులు, కిటికీలు గడువుకు అందవు, కూలి మాత్రం ఇవ్వక తప్పదు. యంత్రం నిలిచిపోయినంత మాత్రాన రుణ వాయిదా నిలిచిపోదు. ఆరు నెలలు మరమ్మతు కోసం ఎదురుచూసిన చిన్న షెడ్డు యజమానికి యంత్రం ధర కంటే ఆ నిరీక్షణే ఎక్కువ నష్టం కలిగించవచ్చు.

వారంటీ అనేది కార్డుపై ముద్రించిన మాటలతోనే అమలయ్యేది కాదు. లోపాన్ని ఎప్పుడు గుర్తించారు, ఎవరికి ఏ రూపంలో తెలియజేశారు, ఆ తరువాత యంత్రాన్ని ఎవరు విప్పారు అనే మూడు ప్రశ్నలకు రాతపూర్వకమైన సమాధానం ఉన్నప్పుడే చట్టం కొనుగోలుదారుకు అండగా నిలుస్తుంది. ఈ విషయమై యంత్రం కొనేవారు, రుణాలు మంజూరు చేసే అధికారులు, ప్రభుత్వ శిక్షణ సంస్థలకు యంత్రాలు సేకరించే అధికారులు తెలుసుకోవలసిన ముఖ్యాంశాలు ఇవి.

ఆర్డరు దశలోనే జాగ్రత్త

వస్తు విక్రయ చట్టం–1930లోని 16వ సెక్షన్ ఈ విషయంలో కీలకమైనది. కొనుగోలుదారు తన అవసరమేమిటో అమ్మకందారుకు ముందుగా తెలియజేసి, అతని నైపుణ్యంపై ఆధారపడి కొన్నప్పుడు, ఆ వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు ఒప్పందంలో రాయకపోయినా ఉన్నట్లే భావించబడుతుంది. అయితే ఒక బ్రాండు పేరు, మోడలు నంబరు మాత్రమే చెప్పి కొన్నప్పుడు ఈ రక్షణ లభించకపోవచ్చు.

అందువల్ల ఆర్డరు పత్రంలో మోడలు నంబరుతో సరిపెట్టకుండా, కోయబోయే కలప ఏది, దాని మందం, వెడల్పు ఎంత, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది, విద్యుత్ సరఫరా సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్న వివరాలు రాయడం అవసరం. డెల్టాలో ఇది మరింత ముఖ్యం. కొబ్బరి మాను వెలుపలి భాగం గట్టిగా ఉండి, రంపపు పళ్లను త్వరగా అరగదీస్తుంది. టేకు, వేప, మామిడి కోయడానికి సరిపడిన యంత్రం కొబ్బరి కలపకు చాలకపోవచ్చు. కొబ్బరి కోస్తామని ఆర్డరులో రాసి ఉంటే, యంత్రం ఆ పనికి తగదన్న వాదనకు ఆధారం ఉంటుంది. లేనిచో "ఈ యంత్రం అందుకోసం కాదు" అన్న అమ్మకందారు సమాధానానికి తిరుగుండదు.

వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. బిల్లు తేదీ నుంచి లెక్కించే వారంటీకి, యంత్రాన్ని అమర్చి నడిపించిన తేదీ నుంచి లెక్కించే వారంటీకి మధ్య కొన్ని వారాల తేడా ఉండవచ్చు. మోటారు, కంట్రోలర్, బేరింగులకు వేర్వేరు కాలపరిమితులు ఉన్నాయా, మెకానిక్ షెడ్డుకే వస్తాడా, యంత్రాన్ని పంపవలసి వస్తే రవాణా ఖర్చు ఎవరిది, విడిభాగాలు ఎన్ని రోజుల్లో అందుతాయి అన్న అంశాలను నోటిమాటగా వదలరాదు. రంపపు బ్లేడ్లు, కట్టర్లు, బెల్టులు, కార్బన్ బ్రష్‌ల వంటి అరిగే వస్తువులు సాధారణంగా వారంటీ కిందకు రావు.

లారీ దిగిన రోజు

యంత్రం చేరిన రోజున చేయవలసిన మొదటి పని పెట్టెను విప్పడం కాదు, విప్పకముందే దాన్ని నాలుగు వైపులా ఫొటో తీయడం. పెట్టె పగిలినా, తడిసినా, తలకిందులుగా వచ్చినా ఆ సంగతి లారీ రసీదుపైనే రాసి, డ్రైవరు సంతకం తీసుకోవాలి. వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అమ్మకందారు సరుకును రవాణాదారుకు అప్పగించడమే కొనుగోలుదారుకు అప్పగించినట్లుగా ప్రాథమికంగా పరిగణించబడుతుంది. కనుక దారిలో జరిగే నష్టానికి ఎవరు బాధ్యులో, రవాణా బీమా ఎవరు చేయించాలో ఆర్డరులోనే స్పష్టం చేసుకోవడం మేలు. రవాణాదారుపై దావా వేయదలచిన పక్షంలో, రోడ్డు రవాణా చట్టం–2007లోని 16వ సెక్షన్ ప్రకారం సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వడం తప్పనిసరి.

పెట్టె విప్పిన అనంతరం యంత్రం సీరియల్ నంబరు, మోటారు నామఫలకంపై ఉన్న హార్స్‌పవర్, వోల్టేజీ, ఆంపియర్లు, చుట్ల వేగం వివరాలను బిల్లుతో, వారంటీ కార్డుతో సరిచూడాలి. నంబరులో ఒక్క అంకె తేడా ఉన్నా వెంటనే సరిచేయించుకోవాలి. క్లెయిము సమయంలో ఇదే పెద్ద అడ్డంకిగా మారుతుంది.

రంపపు పళ్లకు, కట్టర్ బ్లాకుకు, బెల్టులకు ఉండవలసిన రక్షణ కవచాలు అన్నీ వచ్చాయో లేదో చూడాలి. కవచం లేకుండా వచ్చిన యంత్రాన్ని "తరువాత పంపుతాం" అన్న హామీపై నడపరాదు. తిరిగే ఇరుసులపై పైకి పొడుచుకు వచ్చే బోల్టులు, మరలు ఉండరాదన్న నియమాన్ని, దాన్ని పాటించని యంత్రాన్ని అమ్మిన వారిపై సైతం శిక్షను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించింది. వేలు తెగిన తరువాత తెప్పించుకునే కవచం చేతులు కాలిన తరువాత పట్టుకునే ఆకు వంటిదే.

లోపం యంత్రానిదా, విద్యుత్తుదా, కలపదా?

వారంటీ వివాదాలలో అధిక భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. యంత్రంలో లోపం ఉందని కొనుగోలుదారు, విద్యుత్ సరఫరా బాగాలేదని అమ్మకందారు వాదిస్తారు. కొన్ని సులభమైన పరీక్షలతో ఈ సందేహాన్ని చాలావరకు తీర్చుకోవచ్చు.

మొదటిది విద్యుత్తు. త్రీ ఫేజు సరఫరా ప్రామాణికంగా 415 వోల్టులు. ప్రకటిత వోల్టేజీకి 6 శాతానికి మించి హెచ్చుతగ్గులు ఉండరాదని 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలోనే పేర్కొన్నారు. ఆ లెక్కన సుమారు 390 నుంచి 440 వోల్టుల మధ్య ఉండాలి. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు గాక, మందపాటి కలప కోస్తున్నప్పుడు మోటారు టెర్మినళ్ల వద్ద వోల్టేజీని, మూడు ఫేజుల ఆంపియర్లను కొలిచి, తేదీ, సమయంతో నమోదు చేయాలి. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఉన్న షెడ్లలో లోడు పడగానే వోల్టేజీ పడిపోవడం కద్దు. అలా జరిగితే అది యంత్రం లోపం కాదు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు 1912 నంబరుపై ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకోవాలి.

మూడు ఫేజులలో ఒకటి పోయినా మోటారు కొంతసేపు నడుస్తూనే ఉంటుంది. ఆ సమయంలో మిగిలిన ఫేజులు అధిక కరెంటు లాగి వైండింగు కాలిపోతుంది. కాలిన తీరే కారణాన్ని చెబుతుంది. స్టార్ పద్ధతిలో కలిపిన మోటారులో రెండు ఫేజుల చుట్లు నల్లబడి ఒకటి బాగా ఉన్నా, డెల్టా పద్ధతిలో ఒక ఫేజు చుట్లు నల్లబడి రెండు బాగా ఉన్నా, ఒక ఫేజు పోవడమే కారణమని భావించవచ్చు. చుట్లన్నీ ఒకే తీరున నల్లబడితే అధిక లోడు గాని, తక్కువ వోల్టేజీ గాని కారణం కావచ్చు. కేవలం ఒక చోట చుట్ల మధ్య షార్టు కనిపిస్తే వైండింగులోనే లోపం ఉండే అవకాశం ఉంది. కాబట్టి కాలిన మోటారును స్థానికంగా విప్పి, తిరిగి చుట్టించడమంటే సాక్ష్యాన్ని చేతులారా చెరిపివేయడమే. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు, సరైన ఓవర్‌లోడ్ రిలే మొదటి రోజు నుంచే అమర్చుకుంటే ఈ వాదనకు తావుండదు.

మోటారు తలకిందులుగా తిరిగితే అది లోపం కాదు. మూడు తీగలలో ఏ రెండింటిని మార్చి కలిపినా సరైన దిశలో తిరుగుతుంది. ఈ పనిని విద్యుత్ పరిజ్ఞానం ఉన్నవారే చేయాలి.

రెండవది అమరిక. నేల చదునుగా లేకపోతే ఎంత మంచి యంత్రమైనా అదురుతుంది. రసమట్టంతో చూసి, బోల్టులు బిగించిన తరువాతనే పరీక్షించాలి. రంపపు బల్లపై రూపాయి బిళ్లను అంచుపై నిలబెట్టి యంత్రాన్ని నడిపితే, అది నిలిచి ఉండటం అదురు తక్కువగా ఉందనడానికి గుర్తు. ప్లానర్ బల్లపై స్ట్రెయిట్ ఎడ్జ్ ఉంచి, కింద ఫీలర్ గేజి దూరుతున్న చోట సందు ఎంతో చూడాలి. రంపంతో కోసిన ముక్కను మూలమట్టంతో పరీక్షించాలి. కొలతలన్నింటినీ తయారీదారు ఇచ్చిన పరిమితులతో పోల్చాలి.

మూడవది కలప. పచ్చి కలప కోసినప్పుడు రంపం పట్టేయడం, చిత్రిక పట్టిన పలక మర్నాటికి వంకర తిరగడం యంత్రం లోపాలు కావు. తేమ ఎక్కువగా ఉండే డెల్టా వాతావరణంలో పరీక్షకు బాగా ఆరిన, ఒకే మందం గల కలపనే వాడాలి. కొత్త బ్లేడుతో, ఆరిన కలపతో, సరైన వోల్టేజీతో కూడా లోపం పునరావృతమైతే దాన్ని యంత్రం లోపంగా నిలబెట్టవచ్చు. పలక రెండు చివర్ల గుంట పడటం, రంపం చక్రంపై నిలవకుండా జారడం, బేరింగు వేడెక్కడం వంటి వాటిని చిన్న వీడియోగా తీసి ఉంచడం ఉపయోగకరం.

పదిహేను రోజుల ప్రాధాన్యం

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం–2006 చిన్న ఉత్పత్తిదారులకు సకాలంలో డబ్బు అందేలా చూసే నిబంధనలు గల చట్టం. యంత్రాల తయారీదారులలో అనేకులు స్వయంగా చిన్న పరిశ్రమల కోవలోని వారే. ఉద్యమ్ నమోదు గల సూక్ష్మ, చిన్న పరిశ్రమ అమ్మిన సరుకుకు ఒప్పంద గడువు ఎంత ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలవారీ చక్రవడ్డీతో చెల్లించవలసి వస్తుంది.

యంత్రం పనిచేయడం లేదని మిగిలిన బాకీని ఆపి, ఊరకున్న కొనుగోలుదారు ఈ చట్టం కింద చిక్కుల్లో పడే అవకాశం ఉంది. సరుకు అందిన రోజు నుంచి 15 రోజుల లోపు కొనుగోలుదారు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, అమ్మకందారు ఆ అభ్యంతరాన్ని తొలగించిన రోజే సరుకును స్వీకరించిన రోజుగా లెక్కకు వస్తుంది. 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం లేకపోతే, సరుకు అందిన రోజునే స్వీకరించినట్లు చట్టం భావిస్తుంది. ఫోనులో పదిసార్లు చెప్పినా ఒక్క ఉత్తరం రాయకపోతే ఆ మాటలు ఈ లెక్కలోకి రావు.

వస్తు విక్రయ చట్టం కూడా ఇదే దిశలో ఉంది. 41వ సెక్షన్ ప్రకారం పరీక్షించేందుకు సహేతుకమైన అవకాశం లభించేవరకు కొనుగోలుదారు సరుకును ఆమోదించినట్లు కాదు. అయితే 42వ సెక్షన్ ప్రకారం సహేతుకమైన కాలం గడిచినా తిరస్కరిస్తున్నట్లు తెలియజేయకుండా యంత్రాన్ని అట్టిపెట్టుకుంటే ఆమోదించినట్లే. ఆమోదించిన తరువాత యంత్రాన్ని తిప్పి పంపే హక్కు సాధారణంగా పోతుంది, నష్టపరిహారం కోరే హక్కు మాత్రమే మిగులుతుంది. మరో ముఖ్యాంశం 43వ సెక్షన్‌లో ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడు, తిరస్కరించిన సరుకును కొనుగోలుదారు సొంత ఖర్చుతో వెనుకకు పంపనవసరం లేదు. తిరస్కరిస్తున్నట్లు తెలియజేస్తే చాలు.

యంత్రాన్ని అమర్చడానికి కంపెనీ మెకానిక్ పదిహేను రోజుల తరువాత వస్తానన్న పక్షంలో, "యంత్రం ఇంకా అమర్చలేదు, పరీక్షించలేదు, ఆమోదించలేదు" అని ఆ గడువులోనే ఒక లేఖ పంపడం వివేకం.

ఫిర్యాదు లేఖలో ఉండవలసినవి

ఫిర్యాదు చిన్నదిగా, వివరంగా ఉండాలి. బిల్లు నంబరు, తేదీ, యంత్రం సీరియల్ నంబరు, అమర్చిన తేదీ, లోపం కనిపించిన తేదీ, ఏ కలపపై, ఎంత వోల్టేజీ వద్ద కనిపించింది, పని ఎన్ని గంటలు ఆగింది అన్న వివరాలు రాసి, కోరుతున్నది మరమ్మతా, మార్పిడా, సొమ్ము వాపసా స్పష్టం చేసి, సహేతుకమైన గడువు ఇవ్వాలి. డీలరుకు, తయారీదారుకు ఇద్దరికీ పంపాలి. ఒకరు మరొకరిపై నెట్టుకునే అవకాశం అప్పుడే ఉండదు. స్పీడ్ పోస్టు రసీదు, బట్వాడా వివరం, ఈమెయిల్ ప్రతి భద్రపరచాలి. వాట్సాప్ సందేశాలు, వీడియోలు కూడా సాక్ష్యానికి పనికి వస్తాయి. అయితే 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం వాటికి ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. కనుక వాటిని ఫోనులోంచి తొలగించరాదు.

మెకానిక్ వచ్చినప్పుడు

వారంటీ మరమ్మతు జరిగిన ప్రతిసారీ సర్వీసు రిపోర్టు ప్రతి తీసుకోవాలి. అందులో వచ్చిన, వెళ్లిన సమయాలు, గుర్తించిన లోపం, మార్చిన భాగం, నడిపి చూసిన ఫలితం ఉండాలి. ముద్రించిన పత్రంలో "పని సంతృప్తికరం" అన్న వరుస ఉంటే, కలప కోసి చూడకుండా దాని కింద సంతకం చేయరాదు. లోపం తీరకపోతే "లోపం కొనసాగుతున్నది" అని చేతితో రాసి సంతకం చేయవచ్చు. తీసిన పాత భాగాన్ని కంపెనీ తీసుకువెళ్తే రసీదు పొందాలి. యంత్రాన్నే తీసుకువెళ్తే, తిరిగి ఇచ్చే షరతుతో డెలివరీ చలానా రాయించుకోవాలి. మరమ్మతులో గడిచిన కాలాన్ని వారంటీకి కలుపుతున్నట్లు లేఖ అడగాలి.

సీలు వేసిన గేర్‌బాక్సును, కంట్రోలరును వారంటీ కాలంలో స్థానిక మెకానిక్ చేత విప్పించరాదు. పని అత్యవసరమైన పక్షంలో కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, అనుమతి పొందిన తరువాతనే చేయించాలి. సీఎన్‌సీ యంత్రాల విషయంలో కంట్రోలర్ సెట్టింగుల ప్రతిని, సాఫ్ట్‌వేర్ లైసెన్సును అమర్చిన రోజునే తీసుకోవడం మంచిది.

వరద నీరు చేరి యంత్రం పాడైతే వారంటీ వర్తించదు. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలను చూసిన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. లంక గ్రామాలలో, ఏటిగట్టు సమీపంలో షెడ్లు ఉన్నవారు వరద నష్టం వర్తించే బీమా తీసుకోవడం, మోటారు, స్టార్టరు ఎత్తులో అమర్చడం అవసరం.

వినియోగదారుల కమిషన్‌ను ఎవరు ఆశ్రయించవచ్చు?

వినియోగదారుల రక్షణ చట్టం–2019 వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని వినియోగదారులుగా పరిగణించదు. అయితే స్వయం ఉపాధి ద్వారా కేవలం జీవనోపాధి కోసం కొని, స్వయంగా వాడుకునే వారికి మినహాయింపు ఉంది. ఈ గీత ఎక్కడ గీయాలో సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో వివరించింది. అది కూడా ఒక కొత్త యంత్రంలోని లోపాలపై వచ్చిన వివాదమే. జీవనోపాధి కోసం లేత్ వంటి యంత్రాన్ని కొని స్వయంగా నడుపుకునే వ్యక్తి వినియోగదారుడేనని, ఒకరిద్దరి సహాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని న్యాయస్థానం పేర్కొంది. అయితే ఆ కేసులోని సంస్థ వాణిజ్య ప్రయోజనం కోసమే కొన్నదని నిర్ధారించి, వినియోగదారుగా అంగీకరించలేదు.

దీనిని బట్టి, ఒక సహాయకుడితో తానే యంత్రం నడిపే వడ్రంగి జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. పది మంది పనివారితో నడిచే ఫర్నిచర్ యూనిట్‌కు అది కష్టం. ఫిర్యాదులో "జీవనోపాధి కోసం, స్వయంగా నడుపుకునేందుకు కొన్నాను" అన్న వాక్యం, దానికి తగిన ఆధారం తప్పక ఉండాలి.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల వరకు 400, 20 నుంచి 50 లక్షల వరకు 1,000 రూపాయలు రుసుము. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి. మరమ్మతు పేరిట రోజులు గడిచినా ఈ గడువు ఆగుతుందని భావించరాదు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు చేసే వీలును 34వ సెక్షన్ కల్పించింది. డెల్టా వాసులకు ఇది పెద్ద ఊరట. ఎదుటి పక్షానికి నోటీసు అందిన తరువాత మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో విచారణ ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం నిర్దేశిస్తుంది. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి వేదిక ద్వారా ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు దాఖలు చేయవచ్చు.

తయారీ లోపం ఉందని చెప్పడం వేరు, నిరూపించడం వేరు. చార్టర్డ్ ఇంజనీరు గాని, ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యుడు గాని యంత్రాన్ని పరీక్షించి ఇచ్చే నివేదికకు విచారణలో ఎంతో విలువ ఉంటుంది.

మిగిలిన వారికి మార్గాలు

వినియోగదారు నిర్వచనంలోకి రాని యూనిట్లు సివిల్ కోర్టును ఆశ్రయించవచ్చు. వివాద విలువ 3 లక్షల రూపాయలు, అంతకు మించి ఉన్నప్పుడు అది వాణిజ్య న్యాయస్థానాల చట్టం–2015 పరిధిలోకి వస్తుంది. అత్యవసర ఉత్తర్వులు కోరని సందర్భంలో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. ఈ మధ్యవర్తిత్వం న్యాయసేవాధికార సంస్థల ద్వారా జరుగుతుంది. చిన్న మొత్తాల వివాదాలను లోక్ అదాలత్ ద్వారా రాజీ చేసుకోవచ్చు. బిల్లు వెనుక చిన్న అక్షరాలతో ముద్రించిన ఆర్బిట్రేషన్, న్యాయపరిధి షరతులను కొనకముందే చదవాలి. సివిల్ దావాలలో వాటి ప్రభావం గణనీయంగా ఉంటుంది.

రుణదాతలు, అధికారుల పాత్ర

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద ఇచ్చే సబ్సిడీని బ్యాంకు మూడేళ్ల పాటు డిపాజిట్‌గా ఉంచి, యూనిట్‌ను భౌతికంగా తనిఖీ చేసిన తరువాతనే రుణానికి సర్దుబాటు చేస్తుంది. తనిఖీ నాటికి యంత్రం మూలన పడి ఉంటే లబ్ధిదారు రెండు విధాలా నష్టపోతాడు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం, పడవల తయారీ కూడా ఉన్నాయి. ఈ పథకాల కింద యంత్రాలు, పరికరాలు కొనేవారికి శిక్షణ సమయంలోనే వారంటీ పద్ధతులు వివరించడం ప్రయోజనకరం.

బ్యాంకు నేరుగా అమ్మకందారుకు సొమ్మంతా చెల్లించిన తరువాత కొనుగోలుదారు చేతిలో పట్టు మిగలదు. కొంత మొత్తాన్ని యంత్రం అమర్చి, కలప కోసి చూపిన తరువాత చెల్లించేలా కొటేషన్ దశలోనే అంగీకారం కుదుర్చుకోవడం మంచిది. లోపం తలెత్తగానే ఫిర్యాదు ప్రతిని బ్యాంకుకు కూడా ఇవ్వాలి. వాయిదాలు మాత్రం బ్యాంకు అంగీకారం లేకుండా ఆపరాదు.

కేంద్ర నిధులతో యంత్రాలు సేకరించే శిక్షణ సంస్థలకు సాధారణ ఆర్థిక నియమావళి–2017లోని 171వ నిబంధన మార్గదర్శకం. సరఫరాదారు ఇచ్చే పనితీరు హామీ మొత్తం, వారంటీతో సహా అన్ని బాధ్యతలు పూర్తయిన తరువాత మరో 60 రోజుల వరకు చెల్లుబాటులో ఉండాలి. యంత్రం అటకెక్కిన తరువాత గాక, హామీ గడువు ముగియకముందే లోపాలను నమోదు చేయడం సంబంధిత అధికారుల బాధ్యత.

సంప్రదించవలసిన చోట్లు

జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. ఉచిత న్యాయ సహాయం కోసం 15100 నంబరును సంప్రదించవచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినందున, ఫిర్యాదుదారులు తమ మండలం ఏ కమిషన్ పరిధిలోకి వస్తుందో కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరులలోని కార్యాలయాలలో ముందుగా నిర్ధారించుకోవడం మంచిది.

యంత్రం కొన్న ప్రతివారూ బిల్లు, వారంటీ కార్డు, లారీ రసీదు, అమరిక నివేదిక, వోల్టేజీ నమోదు, ఫిర్యాదులు, సర్వీసు రిపోర్టులను ఒకే ఫైలులో తేదీల క్రమంలో ఉంచుకోవాలి. లోపం తలెత్తిన రోజున ఆ ఫైలే వడ్రంగి తరఫున మొదటి సాక్షి. చట్టాలు కల్పించిన ఈ రక్షణలను యంత్రాల కొనుగోలుదారులు సద్వినియోగం చేసుకోవాలి.